టిన్‌టిన్‌ని పక్కన పెట్టి ఎర్జే కోసం బెల్జియంలో

శనివారం: మారోల్ పేట

బెల్జియం వచ్చిన చుట్టాలను ఎక్కడెక్కడ తిప్పాలో మా మేనల్లుడి దగ్గర లిస్టు రెడీగా ఉంటుంది. బ్రూజ్ కాలవలు, ఆటమియం, గ్రాండ్ ప్లేస్, ఒంటేలు పోసే బుడ్డోడి విగ్రహం, చివర్లో చాక్లెట్ షాపు. వాడు లూవెన్‌లో కంప్యూటరు చిప్పుల పరిశోధనలో పనిచేస్తున్నాడు. ఇప్పటిదాకా వచ్చినవాళ్ళెవరూ ఆ లిస్టుకి అడ్డు చెప్పలేదట.

"ఇంత దూరం వచ్చి పాత సామాన్ల సంతకి వెళ్తానంటావేంటి మావయ్యా?" అన్నాడు.

నేను వచ్చింది బొమ్మల కథలు గీసిన ఎర్జే కోసం. ఆయన సృష్టించిన కుర్ర విలేకరి టిన్‌టిన్ సంగతి ప్రపంచానికంతా తెలుసు. టిన్‌టిన్ గీస్తున్న రోజుల్లోనే, అదే పిల్లల పత్రికలో, ఆయన వారం వారం క్విక్, ఫ్లుప్కే అనే ఇద్దరు వీధి పిల్లల అల్లరి కూడా గీశాడు. టిన్‌టిన్ రష్యా, కాంగో, అమెరికా, చైనా తిరిగొచ్చాడు. వీళ్ళిద్దరూ బ్రస్సెల్స్ వీధుల్లో పోలీసుని ఏడిపిస్తూ కూర్చున్నారు. ఆ పేట మారోల్. నాకు టిన్‌టిన్ కంటే వీళ్ళే ఎక్కువ ఇష్టం.

ప్లాస్ పూలార్ట్ అనే మెరక మీద దిగాం. అక్కడ కోర్టు భవనం చూస్తే మెడ నొప్పి పుడుతుంది, అంత పెద్దది. 1866లో మొదలుపెట్టి 1883కి పూర్తి చేశారు. కట్టించిన ఆర్కిటెక్టు పూలార్ట్ పేరే ఆ కూడలికి పెట్టారు. దాన్ని కట్టడానికి కింద మారోల్‌లో పేదల ఇళ్ళు చాలా పడగొట్టారు. ఆ కోపంతో పేటవాళ్ళు "వంకర ఆర్కిటెక్టు" అనే మాటని తిట్టుగా వాడుకలోకి తెచ్చారు, ఇప్పటికీ ఉందది. రిపేరు కోసమని 1980లలో చుట్టూ కట్టిన పరంజా ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయి, చివరికి పరంజాకే రిపేరు చేయాల్సి వచ్చిందట. ఇది విని నాకు బెల్జియం మీద కాస్త ఆత్మీయత కలిగింది.

మెరక మీద నుంచి పేటలోకి అద్దాల లిఫ్టు ఉంది, టికెట్టేమీ లేదు. పైన జడ్జీలు, ప్లీడర్లు. లిఫ్టు దిగితే బట్టలారేసిన కిటికీలు, ఉమ్మడి గోడల ఇళ్ళు, గుమ్మాల దగ్గర కబుర్లు. అక్కణ్ణుంచి ర్యూ ఓత్ అనే వీధి వెతుక్కుంటూ ఒక సందు ముందే తిరిగేశాం. ఒక ముసలాయన కుక్కతో ఎదురొచ్చాడు. మా వాడు నేరుగా "ర్యూ ఓత్ ఎటు?" అనేశాడు. ఆయన ఆగి, మా మొహాలు చూసి, "బోంజూర్" అన్నాడు, అంతే. మా వాడు నాలిక్కరుచుకుని "బోంజూర్ మెస్యూ" అన్నాక దారి చెప్పడమే కాదు, వీధి చివరిదాకా వెంట వచ్చాడు. షాపులోనైనా బస్సులోనైనా అంతే. ముందు పలకరింపు, తర్వాతే పని.

ర్యూ ఓత్‌లో ఒక ఇంటి పక్క గోడ మీద క్విక్, ఫ్లుప్కేల పెద్ద బొమ్మ వేశారు. ఎవరూ ఫొటో తీసుకోవడం లేదు. బొమ్మ కింద ఒకావిడ కూరగాయల సంచి దింపి ఫోను మాట్లాడుతోంది.

ఆ వీధికి దగ్గర్లోనే ప్లాస్ దు జు ద బాల్ కూడలి. 1873 నుంచి పాత సామాన్ల సంత ఇక్కడే. రోజూ పొద్దున పెట్టి మధ్యాహ్నానికి ఎత్తేస్తారు. 2014లో దీని కింద కార్ పార్కింగ్ తవ్వుదామని మున్సిపాలిటీ అనుకుంటే పేటవాళ్ళు గొడవ చేసి ఆపించారు. రాళ్ళు పరిచిన నేల మీద దుప్పట్లు వేసి, వాటి మీద ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు, ఎవరిదో పెళ్ళి ఆల్బమ్, జత లేని బూట్లు, గ్రామఫోను రికార్డులు. టిన్‌టిన్ ఓడ బొమ్మ కొనే కథ మొదలయ్యేది ఈ సంతలోనే. ఆ ముక్క తెలిసినవాళ్ళు ఓడ బొమ్మల కోసం వెతుకుతుంటారని ఒక అమ్మకందారు చెప్పాడు. చెబుతూనే ఒకటి చూపించాడు కూడా. నలభై యూరోలట!

నేను పుస్తకాల పెట్టెల దగ్గర కూలబడ్డాను. టిన్‌టిన్‌లు నిలబెట్టి పెట్టారు, ధర చీటీలతో. క్విక్, ఫ్లుప్కే అడుగున ఉంది, అట్ట మూల నలిగి, లోపల ఎవరో పిల్లాడు పెన్సిల్‌తో పోలీసుకి కొమ్ములు గీసి ఉన్నాడు. పన్నెండు అన్నాడు. ఆ కొమ్ములు చూపించి ఐదు అన్నాను. "ఆ కొమ్ములకే మెస్యూ ఆ రేటు" అన్నాడు. ఏడుకి తెగింది, మన లెక్కలో ఏడొందల చిల్లర. మా వాడు బేరం జరిగినంతసేపూ దూరంగా నిలబడి ఫోను చూసుకున్నాడు. వాడికి సిగ్గట.

ఆకలేసింది. రోడ్డు పక్క బండి మీద సముద్రపు నత్తలు అమ్ముతున్నారు, మిరియాలు, సెలెరీ వేసి మరిగించిన పులుసులో. గోదావరి ఒడ్డున నత్తల ఇగురు తిని పెరిగినవాణ్ణి, గిన్నెడు తీసుకున్నాను. కారం లేదన్న మాటే గానీ ఆ పులుసు గొంతులో దిగుతుంటే చలి వదిలింది. మా కోడలు, అంటే మేనల్లుడి భార్య, వేపుడు బంగాళాదుంపల కొట్టు ముందు నిలబడి నూనె గురించి అడిగింది. "ఆవు కొవ్వమ్మా, రెండుసార్లు వేయిస్తాం, అందుకే ఆ రుచి" అని వాడు గర్వంగా చెప్పాడు. ఈ దేశంలో ఫ్రైస్ అసలు పద్ధతి అదే. మనవాళ్ళు చాలామంది అడక్కుండా తినేస్తారు. ఆమె పంచదార చల్లిన వాఫిల్‌తో సరిపెట్టుకుంది. వాఫిల్ మీద క్రీము, స్ట్రాబెర్రీలు, చాక్లెట్ పోయించుకునేది టూరిస్టులేనని అక్కడే తెలిసింది.

కాఫీ హోటల్లో కూర్చుని పుస్తకం తెరిచాను. కప్పుతో పాటు చిన్న బిస్కెట్టు ఊరికే ఇచ్చారు, మంచినీళ్ళకి మాత్రం డబ్బులు, బాత్రూముకి యాభై సెంట్లు. ఎనిమిదేళ్ళ మా మనవడు నా చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు. వాడు చదివేది డచ్ బడి, ఫ్రెంచి రాదు. అయినా పేజీ తిప్పి తిప్పి నవ్వుతున్నాడు. చాలా కథల్లో మాటలు అంత తక్కువ. ఎర్ర స్వెట్టరు, నల్ల టోపీ వేసుకున్నవాడు క్విక్, ఆకుపచ్చ కోటువాడు ఫ్లుప్కే, మీసాలాయన 15వ నంబరు పోలీసు. ఇది తెలిస్తే చాలు.

ఈ పిల్లలు పుట్టిన తీరు కూడా తమాషాగా ఉంటుంది. ఎర్జే సెలవు మీద వెళ్ళొచ్చేసరికి ఆఫీసులోవాళ్ళు ఆయన కొత్త సీరియల్ మొదలుపెడుతున్నాడని పత్రికలో వేసేశారట, ఆయనకి చెప్పకుండానే. కొద్ది రోజుల టైములో కథ పుట్టించాలి. 1930 జనవరి 23న క్విక్ ఒక్కడే వచ్చాడు. మూడు వారాలకి రెండోవాడు తోడయ్యాడు. తన చుట్టూ ఉన్న వీధినీ తన చిన్నతనాన్నీ గీసుకుంటూ పోయాడు. 1940లో జర్మన్లు వచ్చి ఆ పత్రిక మూతపడే నాటికి మూడొందలకు పైగా కథలయ్యాయి. ఒక కథలో ఈ పిల్లలిద్దరూ ఏకంగా ఎర్జేనే ఎత్తుకుపోయి, తాము చాలా బుద్ధిమంతులమని ఆయన చేత కాగితం మీద సంతకం పెట్టిస్తారు. టిన్‌టిన్‌లో ఇంత చనువు ఎక్కడా కనిపించదు.

ఆదివారం: లూవాన్-లా-నెవ్

లూవెన్ నుంచి రైలెక్కాం. సగం దారిలో రైల్లో అనౌన్స్‌మెంట్లు డచ్ నుంచి ఫ్రెంచిలోకి మారిపోయాయి. బయట అవే పొలాలు, అవే ఆవులు. భాషల సరిహద్దు దాటామని మా వాడు చెప్పాడు.

ఒతీన్యీ స్టేషన్‌లో రైలు మారాలి. ప్లాట్‌ఫాం మీద ఒక తమిళ కుర్రాడు రెండు పెద్ద సూట్‌కేసులతో, చేతిలో అడ్మిషన్ లెటర్‌తో టెన్షన్ పడుతున్నాడు. వాడికి సీటొచ్చింది లూవెన్‌లో. టికెట్ కొన్నది లూవాన్-లా-నెవ్‌కి. విమానం దిగి నేరుగా ఇంతదూరం వచ్చేశాడు. మేము వచ్చిన రైలే వెనక్కి ఎక్కించి పంపాం.

ఆ కుర్రాడి పాట్లకి మూలం 1968లో ఉంది. లూవెన్‌లోని పాత విశ్వవిద్యాలయంలో డచ్ మాట్లాడేవాళ్ళకీ ఫ్రెంచి మాట్లాడేవాళ్ళకీ పెద్ద గొడవై, ప్రభుత్వం పడిపోయి, విశ్వవిద్యాలయం రెండు ముక్కలైంది. ఫ్రెంచి ముక్క కోసం పొలాల్లో కట్టిన కొత్త ఊరే ఇది. లైబ్రరీ పుస్తకాలను పంచుకున్న పద్ధతి మరీ విచిత్రం: సరి సంఖ్యవి ఒకరికి, బేసి సంఖ్యవి మరొకరికి. ఒక సెట్టులో సగం అక్కడ, సగం ఇక్కడ. అన్నదమ్ముల పంపకాల్లో గొడవలు చాలా చూశాను గానీ ఇంత మొండితనం చూడలేదు.

ఊళ్ళో కార్లన్నీ నేల కింద, మనుషులు పైన. స్టేషన్ నుంచి కొంచెం నడిస్తే చెట్ల మధ్య తెల్లటి ఓడలా ఎర్జే మ్యూజియం. 2009లో తెరిచారు. ఫ్రెంచి ఆర్కిటెక్టు క్రిస్టియాన్ ద పోర్ట్‌జాంపార్క్ కట్టాడు. చెక్క వంతెన మీదుగా లోపలికి వెళ్ళాలి. అడ్రసు 26, ర్యూ దు లాబ్రాదోర్. కథల్లో టిన్‌టిన్ ఇంటి నంబరు అదే.

జనమంతా రాకెట్టు బొమ్మ దగ్గరా టిన్‌టిన్ నేస్తం కెప్టెన్ హాడక్ దగ్గరా ఉన్నారు. నేను టిన్‌టిన్‌తో సంబంధం లేని పనులు పెట్టిన గదిలో ఉండిపోయాను. 1926లో స్కౌటు పత్రికకి గీసిన తోతోర్, 1934లో ఎలుగుబంట్ల జంటతో గీసిన పొపోల్, వర్జినీ కథ, షాపుల కోసం వేసిన ప్రకటనలు. ఎర్జే తన పేరుతో ప్రకటనల కంపెనీ కూడా కొన్నాళ్ళు నడిపాడు. ఆ పోస్టర్లు చూస్తే తెలుస్తుంది, తక్కువ గీతల్లో చెప్పడం ఎక్కడ నేర్చుకున్నాడో.

క్విక్, ఫ్లుప్కే అసలు పేజీ ఒకటి అద్దం వెనక ఉంది. ముక్కు అద్దానికి ఆనించి చూశాను. 15వ నంబరు పోలీసు బూటు చుట్టూ తెల్లరంగు మందంగా పూసి ఉంది. బూటు ముందు కొంచెం ఎత్తులో గీసి, తర్వాత దాన్ని చెరిపి నేలకి ఆనించినట్టున్నాడు. తెలుపు కింద పాత గీత నీడలా కనబడుతోంది. ఒక అంగుళం తేడా కూడా లేదు. పేపర్లో అచ్చయ్యాక ఏ పిల్లాడూ గమనించడు. కానీ ఆ బూటు నేలకి ఆనకపోతే పోలీసు పరిగెత్తుతున్నట్టు ఉండదు, గాల్లో తేలినట్టుంటుంది.

పక్కనే జో, జెట్, జోకో. ఇది ఎర్జేకి ఇష్టం లేని సంతానం. ఫ్రాన్సులో ఒక కాథలిక్ పిల్లల పత్రిక నడిపే ఫాదర్ గారికి టిన్‌టిన్ నచ్చలేదు. "ఇతనికి అమ్మానాన్నా లేరు, బడికి పోడు, ఉద్యోగం చేసి సంపాదించడు" అని ఆయన బాధ. అమ్మా నాన్నా ఉన్న పిల్లల కథ కావాలన్నాడు. 1936లో ఎర్జే ఒక అన్నయ్యని, ఒక చెల్లెల్ని, ఒక చింపాంజీని, ఇంజనీరు తండ్రిని, కంగారుపడే తల్లిని ఇచ్చాడు. పిల్లలు సాహసానికి బయల్దేరితే వెనక తల్లిదండ్రులు ఏడుస్తూ ఉండాలి కదా, ఆ ఏడుపు గీయలేక ఆయనకే విసుగొచ్చింది. మా కోడలు మాత్రం ఫాదర్ గారి పక్షమే. "నిజమే కదా మావయ్యగారూ, ఆ టిన్‌టిన్‌కి అన్నం పెట్టేదెవరు?" అంది.

షాపులో టిన్‌టిన్ బొమ్మలు వందల యూరోలు. క్విక్, ఫ్లుప్కేలకి ఒక మూల అర ఇచ్చారు. పోస్టుకార్డులు కొన్నాను.

సోమవారం: ఎటర్బీక్, దీవెగ్

వాళ్ళకి ఆఫీసులు, బడి. ఒక్కణ్ణే బయల్దేరాను. ఎర్జే, అసలు పేరు జార్జ్ రెమీ, 1907 మే 22న బ్రస్సెల్స్‌లోని ఎటర్బీక్‌లో పుట్టాడు. అప్పటి వీధి పేరు వేరు, ఇప్పుడు ర్యూ ఫిలిప్ బోక్. ఇల్లు అంటే బ్రస్సెల్స్‌లో అన్ని ఇళ్ళలాంటిదే: సన్నంగా, నిలువుగా, పక్కింటికి అతుక్కుని. చూడ్డానికి రెండు నిమిషాలు చాలు.

దగ్గర్లో ప్లాస్ జూర్దాన్‌లో పేరున్న ఫ్రైస్ కొట్టుంది. క్యూలో నిలబడి నాలుగైదు యూరోలిచ్చి పొట్లం తీసుకుని, చుట్టూ ఉన్న హోటళ్ళలో ఏదో ఒక దాంట్లో కూర్చోవచ్చు. బయటి తిండి తెచ్చుకున్నా ఏమీ అనరు, వాళ్ళ దగ్గర తాగడానికి ఏదో ఒకటి చెబితే చాలు. ఈ సర్దుబాటు నాకు తెగ నచ్చింది. సమురాయ్ అనే సాస్ అడిగితే "కారం మెస్యూ, జాగ్రత్త" అన్నాడు కొట్టువాడు. రెండోసారి కూడా ఆ సాసే పోయించుకున్నాను. దాని గురించి మా కోడలికి చెప్పలేదు.

బస్సు మారి ఊరి దక్షిణాన ఉన్న దీవెగ్ శ్మశానానికి వెళ్ళాను. 1866లో కలరా వచ్చినప్పుడు తెరిచారు, 1958లో మూసేశారు. 1983లో ఎర్జే పోయాక ఆయనకి మాత్రం ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. సమాధుల మీద ఐవీ తీగలు పాకి, వేర్లు రాళ్ళను పైకి లేపి, అడివిలా ఉంది. నేను ఫ్రెంచిలో కూడబలుక్కుంటుంటే అక్కడ కొమ్మలు నరుకుతున్న మనిషి నా మొహం చూసే చెయ్యి చూపించాడు. ఎర్జే సమాధి దగ్గరికి దారి అడగడానికి తప్ప ఇక్కడికి విదేశీయులెవరూ రారు కాబోలు.

అక్కడ కూర్చుని ఆలోచిస్తే ఎర్జే మీద నాకున్న పేచీ తేలిగ్గా తెమలలేదు. కాంగోకి పోకుండానే కాంగో గీశాడు, అదీ దొరల కళ్ళతో. యుద్ధకాలంలో జర్మన్ల చేతికి చిక్కిన పత్రికలో పనిచేశాడు. 1944లో దేశానికి జర్మన్ల నుంచి విముక్తి వచ్చాక అరెస్టయ్యాడు, రెండేళ్ళు ఏ పత్రికా పని ఇవ్వలేదు. అదే మనిషి, 1934లో జాంగ్ అనే చైనా విద్యార్థి పక్కన కూర్చుని చెబితే, చైనాని శ్రద్ధగా గీశాడు. ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పినచోట, లేదా తనకే తెలిసినచోట, ఆయన గీత అబద్ధమాడదు. మారోల్ పిల్లల విషయంలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే అందులో దొరతనం లేదు. వినికిడి మీద గీసిన చోటే తేడా కొట్టింది.

అరవైల్లో కొన్నాళ్ళు బొమ్మల కథలు పక్కన పెట్టి కాన్వాసు మీద ఆధునిక చిత్రాలు కూడా వేశాడు. ఒక చిత్రకారుడి దగ్గర పాఠాలు చెప్పించుకుని మరీ 37 వేసి, ఇది మనవల్ల కాదని మానేశాడు. ఆ మానేయడం నాకు గౌరవంగా అనిపించింది.

మంగళవారం: లూవెన్

సాయంత్రం మనవడు బడి నుంచి రాగానే వాణ్ణి తీసుకుని ఊరి లైబ్రరీకి వెళ్ళాను. డచ్‌లో టిన్‌టిన్ పేరు కౌఫ్యే. ఆ అర ఖాళీగా ఉంది, పుస్తకాలన్నీ ఎవరో పట్టుకుపోయారు. జో, జెట్, జోకో మాత్రం కదలకుండా ఉన్నాయి. అందులోంచి 1957లో వచ్చిన 'నాగుపాముల లోయ' తీసుకున్నాం. యుద్ధానికి ముందు మొదలుపెట్టి వదిలేసి, యాభైల్లో పూర్తి చేసిన కథ. మన దేశం కథే. గోపాల్ అనే రాజ్యం, దానికో మహారాజు.

రాత్రి భోజనానికి మేనల్లుడి స్నేహితులు వచ్చారు. అందులో ఒకతను గుంటూరు వాడు, ఇక్కడే కట్టడాల ఇంజనీరింగులో పీహెచ్‌డీ చేస్తున్నాడు. మా మనవడు సోఫా మీద నిలబడి డచ్‌లోంచి తెలుగులోకి కథ చెప్పాడు. మహారాజు మంచు మీద స్కీయింగ్‌కి వచ్చాడు తాతయ్యా, వీళ్ళని గుద్దేశాడు, కోపం వచ్చింది, తర్వాత ఫ్రెండ్స్ అయిపోయారు. వజ్రాల తలపాగా, ముద్దుగా పెంచిన దొడ్డ పిల్లాడిలాంటి రాజు. కుట్రలు పన్నే మంత్రి. మంత్రాలు వేసే ఫకీరు. మేమంతా పగలబడి నవ్వాం. నవ్వుతూనే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం కూడా.

"ఇంతకీ ఆ నాన్న ఎందుకు వెళ్తాడురా ఇండియాకి?" అని అడిగాడు గుంటూరు కుర్రాడు.

"లోయ మీద బ్రిడ్జి కట్టడానికి. అక్కడ ఎవరికీ రాదంట."

అతను పుస్తకం తీసుకుని వంతెన ఉన్న పేజీలు తిరగేశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోనుతో ఒక పేజీ ఫొటో తీశాడు. వాళ్ళ గైడు ఈ ఊరివాడేనట, వంతెనల మీదే పనిచేస్తాడట, చిన్నప్పుడు ఇది చదివే ఈ లైనులోకి వచ్చాడేమో కనుక్కుంటానన్నాడు.

పొద్దున్నే మా వాడి ఫోనుకి జవాబు వచ్చింది. ఆ ప్రొఫెసరు కౌఫ్యే అన్నీ చదివాడట, దీని పేరే వినలేదట. పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఊరి లైబ్రరీదేనని, మా చేతిలో మూడు వారాలుంటుందని, ఆ తర్వాత వెళ్ళి తీసుకోమని చెప్పమన్నాను.